వీపు మీద సంచి, చేతిలో అల్లిక

నా బ్యాక్‌ప్యాక్‌లో మూడు అరలున్నాయి. పెద్ద అరలో పుస్తకాలు, దిద్దాల్సిన పేపర్లు, టిఫిను డబ్బా. మధ్య అరలో ఒక గుడ్డ సంచి, అందులో సగం అల్లిన స్వెట్టరు, రెండు ఊలు ఉండలు. ముందున్న చిన్న అరలో కత్తెర, కొలత టేపు, కుట్లు లెక్కపెట్టుకోవడానికి రంగు దారాల ముడులు. నీళ్ల సీసా పెట్టుకోవడానికి పక్కన ఉండే వల జేబులో నేను ఊలు ఉండ పెడతాను. అక్కడినుంచి పోగు దానంతటదే వస్తూ ఉంటుంది, ఉండ దొర్లి ఎవరి కాళ్ల కిందకీ పోదు. ఈ ఏర్పాటు ఒక్కరోజులో కుదరలేదు. మొదట్లో హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునేదాన్ని. తాళంచెవులకు ఊలు చుట్టుకునేది, పుల్లలు సంచిని చీల్చుకుని బయటికొచ్చి పక్కవాళ్లను పొడిచేవి. చివరికి మా అమ్మాయి కాలేజీ అయ్యాక మూలపడేసిన సంచి నాకు పనికొచ్చింది.

ఒకసారి ఒక సెమినార్‌లో వెనక వరసలో కూర్చుని అల్లుకుంటూ వింటున్నాను. టీ విరామంలో ఒక ప్రొఫెసర్ గారు నవ్వుతూ, "ఏమ్మా, మీకు ఖాళీ బాగా దొరుకుతున్నట్టుందే!" అన్నారు. ఆయన ఉదయం నుంచీ ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. దాన్ని ఖాళీ అని ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు, ఊరుకున్నాను. కానీ ఆ మాట నా వెంటే వచ్చింది. ఆడవాళ్ల చేతిలో పుల్లలు కనబడగానే "ఖాళీ" అనే మాట ఎందుకు గుర్తొస్తుంది? ఇది ఎప్పటినుంచి మొదలైంది? ఈ వ్యాసం అక్కడ పుట్టింది. నేను చరిత్రకారిణిని కాను, పాఠాలు చెప్పుకునే సాహిత్య విద్యార్థినిని. కాబట్టి నా వెతుకులాట నా సంచి లాంటిదే. అన్నీ ఉంటాయి, అన్నీ వరసలో ఉండవు.

మొదట నా చేతికి దొరికింది ఒక పాత ఫోటో. స్కాట్లండ్‌కి ఉత్తరాన సముద్రంలో షెట్లండ్ దీవులున్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ తీసిన ఇలాంటి ఫోటోలు పోస్టుకార్డులుగా విరివిగా అమ్ముడుపోయాయి. చెట్లు లేని కొండదారి. ఒక స్త్రీ నడిచి వస్తోంది. వీపు మీద గడ్డితో అల్లిన పెద్ద బుట్ట. దాన్ని వాళ్లు కిషీ అంటారు. అందులో నిండుగా పీట్, అంటే చిత్తడి నేలల్లోంచి కోసి ఎండబెట్టిన మట్టిపెళ్లలు. అక్కడ పొయ్యిలో కట్టెల బదులు వాడేది అదే. అంత బరువు మోస్తూ ముందుకు వంగి నడుస్తున్న ఆమె రెండు చేతులూ ఖాళీగా లేవు. అల్లుతున్నాయి. దారి వైపు చూస్తోంది గానీ చేతుల వైపు చూడటంలేదు.

ఆ ఫోటో చూసి నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నా బ్యాక్‌ప్యాక్‌కి ముత్తవ్వ దొరికిందనుకున్నాను! సంచి చేతిలోంచి వీపు మీదికి ఎక్కితే స్త్రీకి రెండు చేతులు మిగులుతాయి, రెండు చేతులు మిగిలితే స్వేచ్ఛ మొదలవుతుంది అని మనసులోనే ఒక సిద్ధాంతం కూడా కట్టేశాను. ఆ సిద్ధాంతం ఎక్కువ రోజులు నిలవలేదు.

ముందు ఆ అల్లిక ఎలా సాగేదో చెప్పాలి. షెట్లండ్ స్త్రీలు నడుముకి ఒక తోలు పట్టీ కట్టుకుంటారు. దానికి గుర్రపు వెంట్రుకలు కూరిన చిన్న తోలుదిండు, దిండు నిండా చిల్లులు. ఒక పుల్ల చివరను ఆ చిల్లులో గుచ్చితే అది కదలకుండా నిలుస్తుంది. దానివల్ల చేతికి భారం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, నడుస్తూ కూడా అల్లొచ్చు. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ లోయల్లో ఇదే పనికి చెక్కతో చేసిన ఒరలు వాడేవారు. పెళ్లి చేసుకోదలిచిన అమ్మాయికి అబ్బాయి స్వయంగా చెక్కి ఇచ్చేవాడట. మ్యూజియంలలో ఆ ఒరల మీద చెక్కిన హృదయాలు, పొడి అక్షరాలు చూసి ముచ్చటపడతాం. ప్రేమకానుకగా పనిముట్టు ఇవ్వడమన్నది నన్ను మాత్రం కాసేపు ఆలోచనలో పడేసింది. పెళ్లికి గ్రైండరు పెట్టే మన ఆచారం గుర్తొచ్చింది.

షెట్లండ్ మగవాళ్లు చేపలవేటకు, తిమింగలాల వేటకు, ఓడల్లో పనికి వెళ్లిపోయేవారు. చాలామంది తిరిగి వచ్చేవారు కాదు. పొలం, పశువులు, పీట్ మోత, పిల్లలు అన్నీ స్త్రీల మీదే. నేను చదివిన చరిత్రకారుల్లో లిన్ ఏబ్రమ్స్ షెట్లండ్ స్త్రీల గురించి 2005లో ఒక మంచి పుస్తకం రాసింది. ఆ దీవుల్లో స్త్రీలకున్న ప్రత్యేకమైన స్థానాన్నీ, దాని చుట్టూ పేరుకున్న కల్పనలనీ ఆమె జాగ్రత్తగా విడదీస్తుంది. బరువు మోస్తూ అల్లే స్త్రీ బొమ్మ యాత్రికులకు వింతగా కనిపించింది, కొన్నారు. ఆ అల్లిన వస్తువుకి ఆమెకేం దక్కిందో పోస్టుకార్డు చెప్పదు.

చెప్పింది ఒక ప్రభుత్వ నివేదిక. కూలికి డబ్బు బదులు సరుకు ఇచ్చే పద్ధతిని విచారించడానికి బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ 1872లో షెట్లండ్‌లో సాక్ష్యాలు తీసుకుంది. పదుల సంఖ్యలో అల్లికపని స్త్రీలు వచ్చి చెప్పారు. వాళ్లు చెప్పిందాంట్లో పెద్ద మలుపులేమీ లేవు. శాలువా అల్లి దుకాణానికి తీసుకెళితే యజమాని డబ్బివ్వడు. టీ పొడి ఇస్తాడు, గుడ్డ ఇస్తాడు. ఇంట్లో పిల్లలకు కావలసింది పిండి. అది ఆ దుకాణంలో దొరకదు. అందుకని ఆ టీపొడినీ గుడ్డనీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పిండికి మార్చుకోవాలి. కొన్నిసార్లు సరుకు కూడా ఇవ్వరు, ఒక చీటీ రాసిస్తారు, ఇంత విలువకు సరుకు ఇవ్వగలమని. ఆ చీటీ కూడా చేతులు మారుతుంది. లెక్క పుస్తకం యజమాని దగ్గరుంటుంది. అక్కడ ఏం రాశాడో ఆమెకు తెలియదు. ఉంగరంలోంచి దూరిపోతుందని పేరుపొందిన ఆ సన్నని లేసు శాలువాలు లండన్‌లో ధనికుల భుజాలెక్కాయి. 1887లో చట్టం మార్చి ఈ పద్ధతిని చాలామంది కార్మికుల విషయంలో నిషేధించారు గానీ దీవుల్లో అది వెంటనే పోలేదు.

అంటే వీపు మీద బుట్టా, నడుముకి పట్టీ, రెండు చేతులూ తీరికగా ఉండటం, ఇవన్నీ ఆమెకు స్వేచ్ఛ ఇవ్వలేదు. నడక కూడా పనిగంటల్లోకి వచ్చి చేరింది, అంతే. నా సిద్ధాంతం అక్కడే కూలిపోయింది.

మరి ఈ పని స్త్రీల చేతుల్లోనే ఎందుకుంది? జూడిత్ బ్రౌన్ అనే మానవశాస్త్రజ్ఞురాలు 1970లో ఒక చిన్న వ్యాసం రాసింది. పసిపిల్లలను చూసుకుంటూ చెయ్యగలిగిన పనులే చాలా సమాజాల్లో స్త్రీలకు వచ్చాయని దాని సారం. మధ్యలో ఆపినా పాడవకూడదు, మళ్లీ తేలిగ్గా అందుకోగలగాలి, పిల్లలకు ప్రమాదం ఉండకూడదు, ఇంటికి దూరం కాకూడదు. ఎలిజబెత్ వేలండ్ బార్బర్ 1994లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని పట్టుకుని ఇరవైవేల ఏళ్ల నూలు, నేత చరిత్ర చెప్పింది. ఈ వాదంతో పూర్తిగా ఏకీభవించలేను. పిల్లల్ని చూడటం స్త్రీల పనే అని ముందే ఒప్పుకుని మొదలవుతుంది కదా. కానీ "మధ్యలో ఆపగలిగే పని" అన్న మాట మాత్రం నన్ను పట్టేసింది. ఎందుకంటే అల్లిక సంచి ఉన్నది అందుకే. ఆపిన పని ఆపిన చోటే, ఒక్క కుట్టు జారకుండా, మళ్లీ తీసేదాకా దాచిపెట్టేది అది. ముక్కలైన కాలాన్ని దాచుకునే గుడ్డ. ఉర్సులా లెగ్విన్ 1986లో రాసిన వ్యాసమొకటి మనలో చాలామంది చదివే ఉంటారు. మనిషి మొదటి పనిముట్టు ఈటె కాదు, ఏరుకున్న గింజల్ని ఇంటికి తెచ్చుకునే సంచి అయివుండొచ్చన్న ఊహను ఎలిజబెత్ ఫిషర్ దగ్గర తీసుకుని, కథ కూడా సంచి లాంటిదే కావచ్చంటుంది. వేటగాడి కథలో ఒక హీరో ఉంటాడు, ఒక గురి ఉంటుంది. సంచిలో అవేవీ ఉండవు. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా దొడ్డమ్మ సంచి.

దొడ్డమ్మ వాళ్లది నరసాపురం పక్క పల్లె. ఆ ప్రాంతంలో లేసు పని ఎలా వచ్చిందో అందరూ చెప్పే కథ ఒకటే. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్‌రే అనే మిషనరీ దంపతులు అక్కడి స్త్రీలకు నేర్పారని. షెట్లండ్‌ని వెతుక్కుంటూ వెళ్లిన నాకు స్కాట్లండ్ మా ఊరి పక్కనే ఎదురైంది! ఇది కాకతాళీయమే, ఇందులోంచి గొప్ప అర్థం తియ్యను. పుల్లలు వేరు, పద్ధతి వేరు. అక్కడిది రెండు మూడు పుల్లల ఊలు అల్లిక, ఇక్కడిది ఒకే ఒక్క కొక్కెం సూదితో నూలు క్రోషా. మొదట నేర్చుకున్నది క్రైస్తవం పుచ్చుకున్న పేద దళిత స్త్రీలు. తర్వాత పని కాపు కులాల ఇళ్లలోకి, గోషా పాటించే గడపల్లోకి వెళ్లింది.

మరియా మీస్ 1970ల చివర అక్కడ పరిశోధన చేసి 1982లో ప్రచురించిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' గురించి ఈ పత్రిక పాఠకులకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 2023లో ఆమె చనిపోయినప్పుడు మళ్లీ తీసి చదివాను. స్త్రీలు ఇంటిచాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. అది ప్రపంచ మార్కెట్‌కి వెళ్లేది. ఎగుమతిదారులు మగవాళ్లు, ఆస్తి పెరిగింది వాళ్లకి. అల్లే స్త్రీ మాత్రం "గృహిణి". ఆమె చేసేది తీరిక సమయపు పని, కాబట్టి కూలి కూడా తీరిక సమయపు కూలి. సెమినార్‌లో ప్రొఫెసర్ గారన్న "ఖాళీ" అన్న మాట ఇక్కడ కూలిరేటుగా మారిపోయింది. మీస్ ఇంకో సంగతి కూడా గమనించింది. పొలం పనికి వెళ్లే దళిత స్త్రీలు లేసు అల్లే స్త్రీల కన్నా ఎక్కువ సంపాదించేవారు. అయినా గడప దాటకపోవడమే పై మెట్టు అనుకున్నారు లేసు స్త్రీలు.

అందుకే నరసాపురంలో సంచి బయటికి వెళ్లలేదు. నూలు గుమ్మంలోకి వస్తుంది, అల్లిన ముక్క గుమ్మంలోంచి వెళ్లిపోతుంది. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అతుకుపని చేస్తారు. తను అల్లిన పువ్వు ఎవరి బల్ల మీద గుడ్డగా పరుచుకుంటుందో ఆమె చూడదు. షెట్లండ్‌లో స్త్రీ కొండలెక్కింది, ఇక్కడి స్త్రీ గడప దాటలేదు. లెక్క పుస్తకం మాత్రం రెండుచోట్లా వేరేవాళ్ల దగ్గరే ఉంది. సంచి ఎక్కడ వేలాడుతోందన్నది కాదు, లెక్క ఎవరు రాస్తున్నారన్నది అడగాలని నాకు అప్పుడు తోచింది.

దొడ్డమ్మ సంచి పెదనాన్న పాత పంచెతో కుట్టింది. తెల్ల నూలు కదా, మరకపడితే ఏజెంటు కూలి కోస్తాడు. అందుకని ఉతికి, నీలిమందు పెట్టి, ఆరేసి వాడేది. పొయ్యి దగ్గర కూర్చోకూడదు. పిల్లల చేతులు తగలకూడదు. చేపల పులుసు చేసిన రోజు చేతులు మూడుసార్లు కడుక్కుని వాసన చూసుకునేది. కందిపప్పు ఉడికేలోపు నాలుగు పువ్వులు, మామగారు భోంచేసి లేచేలోపు రెండు. మేం సెలవులకు వెళితే మాతో పాటు పేరంటానికి కూడా ఆ సంచి వచ్చేది, చీర కుచ్చిళ్ల చాటున. "ఏంటి దొడ్డమ్మా, ఇక్కడ కూడానా?" అంటే, "ఖాళీగా కూచుంటే చేతులు తిమ్మిరెక్కుతాయే" అనేది. ఆమె కూడా ఆ మాటే వాడింది మరి. ఆ డబ్బుతో ఏం చేసేదో నాకు చాలాకాలం తెలియలేదు. మా అక్క పదో తరగతి పరీక్ష ఫీజు, పెదనాన్న మందులు, నాకో గాజుల జత. మీకు తెలిసిన లెక్కే.

ధనికుల ఇళ్లలో అల్లిక సంచి కథ వేరు, దాన్ని త్వరగా దాటేస్తాను. పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో పట్టు సంచిలో దారం పెట్టుకుని నాటకాలకు వెళ్లిన సంపన్న స్త్రీల గురించి రాశారు. వాళ్లకి అది సోమరితనం లేదని చూపించుకునే ఆభరణం. అదే కాలంలో మామూలు స్త్రీలు లంగా కింద నడుముకి కట్టుకున్న జేబుల గురించి బార్బరా బర్మన్, అరియాన్ ఫెన్నెటో 2019లో తెచ్చిన పుస్తకం అద్భుతంగా ఉంటుంది. చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి ఆస్తి లేని రోజుల్లో ఆ జేబే ఆమె సొంత ఇల్లు. మన అమ్మమ్మల రొంటినీ, అందులోని చిల్లరనీ ఎవరైనా ఇలా రాస్తే బాగుండును. ఇక వర్జీనియా వుల్ఫ్ 'టు ద లైట్‌హౌస్'లో మిసెస్ రామ్సే లైట్‌హౌస్ కాపలాదారు కొడుకు కోసం మేజోడు అల్లుతూ ఉంటుంది. అల్లుతూనే అందర్నీ కనిపెడుతుంది. ఆ నవల పాఠం చెప్పిన ప్రతిసారీ విద్యార్థులు ఆ మేజోడుని త్యాగానికి గుర్తు అని రాస్తారు. అల్లేవాళ్లెవరికైనా తెలుసు, చేతులు కదులుతుంటే మనసు ఎంత దూరమైనా వెళ్లగలదని. రామ్సే ఆలోచనలు ఆ పుల్లల చప్పుడుతో సాగుతాయి.

చేతులు కదులుతున్న ఆడమనిషిని ఎవరూ పట్టించుకోరు. దీన్ని ఫిలిస్ లటూర్ అనే అమ్మాయి బాగా వాడుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున గూఢచారిగా 1944 మే నెలలో పారాచూట్‌తో నార్మండీలో దిగింది. అప్పటికి ఆమెకు ఇరవైమూడేళ్లు. పల్లెటూరి చిన్నపిల్లలా వేషం వేసుకుని సైకిలు మీద తిరుగుతూ జర్మన్ సైనికులకు సబ్బులు అమ్మేది. వైర్‌లెస్ సందేశాల సంకేతాలు ఒక పట్టుగుడ్డ మీద ఉండేవి. ఆ గుడ్డను అల్లికపుల్లకి చుట్టి, చదునైన బూటులేసులోకి దూర్చి, దాంతో జుట్టు కట్టుకునేది. వాడిన సంకేతాన్ని సూదితో గుచ్చి గుర్తు పెట్టుకునేది. ఒకసారి పట్టుకుని బట్టలిప్పించి వెతికారు. జుట్టు విప్పమంటే లేసు తీసి తల విదిలించి జుట్టు జారవిడిచింది. వాళ్లకేమీ దొరకలేదు. నూటముప్పయ్యైదు సందేశాలు పంపింది. యుద్ధం తర్వాత తన పిల్లలకి కూడా చాలాకాలం చెప్పలేదు. 2023లో న్యూజిలాండ్‌లో నూటరెండేళ్ల వయసులో చనిపోయింది. "అమాయకమైన" అన్న విశేషణాన్ని ఇంత తెలివిగా వాడుకున్నవాళ్లు తక్కువ.

ఇప్పటి విమానాశ్రయాల్లో పరిస్థితి తలకిందులైంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అల్లికపుల్లల్ని కూడా అనుమానించడం మొదలుపెట్టారు. ఒక విమానాశ్రయంలో నా బ్యాక్‌ప్యాక్ మొత్తం తిరగేసి, సగం అల్లిన స్వెట్టరు నుంచి పుల్లలు లాగి పడేశారు. నూటఇరవై కుట్లు గాల్లో తేలాయి. లాగినాయనకి తనేం చేశాడో తెలియదు. పక్కనున్న యూనిఫారం అమ్మాయికి తెలిసింది. గబగబా తన జడపిన్ను తీసి కొన్ని కుట్లు పట్టుకుని, "దారం ఎక్కించుకోండి మేడమ్, జారిపోతాయి" అంది. ఆ రోజునుంచి చిన్న అరలో మందపాటి దారం ఒకటి పెట్టుకుంటాను.

బ్యాక్‌ప్యాక్ గురించి కూడా ఒక మాట. విద్యార్థుల వీపుల మీద ఎక్కువగా కనబడే జాన్‌స్పోర్ట్ అన్న పేరులో ఉన్న జాన్ ఒక అమ్మాయి, జాన్ లూయిస్. 1967లో సియాటిల్‌లో ఆ కంపెనీ మొదలుపెట్టినప్పుడు మర్రే ప్లెట్జ్, తనను పెళ్లి చేసుకుని సంచులు కుట్టిపెడితే కంపెనీకి ఆమె పేరు పెడతానన్నాడట. కుట్టింది, పేరు పెట్టాడు. దీన్ని ప్రేమకథగా చెబుతారు. యార్క్‌షైర్ చెక్క ఒరల్ని తలుచుకున్నాను. కనీసం ఇక్కడ పేరైనా మిగిలింది.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఊరి పేరుకి రక్షణ దొరికింది. ఆ వార్త చదివిన వారంలో దొడ్డమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంటే అక్క ఫోను చేసింది, "నీ అల్లిక పిచ్చికి పనికొస్తుందేమో" అని. పంచె సంచి, కొక్కెం సూది, పూర్తికాని పది పన్నెండు పువ్వులు. సంచి అడుగున ఏజెంటు ఇచ్చిన చీటీలు, దారంతో గుచ్చిన కట్ట. ప్రతి చీటీ మీదా నూలు ఉండలెన్ని, ముక్కలెన్ని, మరకకి కోసిందెంత, తేదీ. పేరు రాయాల్సిన చోట పెదనాన్న పేరు ఉంది. అరవై ఏడు చీటీలు లెక్కపెట్టాను, అన్నిటిమీదా ఆయన పేరే. పెదనాన్నకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.

చీటీల వెనకవైపు తిప్పితే పెన్సిలుతో చిన్న చిన్న గీతలున్నాయి, నాలుగు నిలువు, ఒకటి అడ్డం. దొడ్డమ్మకి చదువు రాదు. ఏజెంటు రాసిన ముక్కల లెక్కతో ఆ గీతల్ని పోల్చి చూశాను. తొమ్మిది చీటీల్లో తేడా ఉంది. తొమ్మిదిట్లోనూ ఏజెంటు లెక్కే తక్కువ. ఆ కట్ట ఇప్పుడు నా బ్యాక్‌ప్యాక్ లోపలి జిప్పులో ఉంది, మిగతా చీటీలు కూడా ఎక్కడైనా దొరుకుతాయేమో చూడమని అక్కకి చెప్పాను.